వెనక్కి పడగలిగిన మా సారు

మా సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను స్టూలెక్కి, మా సూపర్‌వైజరు చెప్పు ఒకటి ఫ్యాను రెక్కకి కడుతున్నాను. ఒక చేతిలో చెప్పు, ఇంకో చేతిలో పురికొస. టీ కొట్టు బావ ఫోను చేశాడు.

"బావా, సుద్దముక్క సారు పోయేరంట. పొద్దున్న పేపరు సదువుతా సదువుతా అలాగ పక్కకి ఒరిగిపోయేరంట."

నిజమేనా అని నేను అడగలేదు. చావు కబుర్లతో కూడా వేళాకోళమాడే మనిషి అనకాపల్లిలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ స్టూలు మీద ఉన్నాడు. దిగి, చెప్పు తీసుకెళ్లి దాని జత పక్కన పెట్టేశాను. నేను దాచిన వస్తువుని నా అంతట నేను తిరిగి పెట్టడం నా నలభై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి.

చదివేవాళ్లకి ముందే చెబుతున్నాను. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ని, నివాళి ఎలా రాయాలో నాకు తెలీదు. పోయిన మనిషిని పొగిడి, ఉన్నవాళ్లని ఓదార్చి ముగించాలట. పొగడడం వరకు నావల్ల అవుతుంది. ఓదార్చడం కుదరదు. ఉన్నవాళ్లలో ఇద్దరి మీద నాకు కడుపునిండా కసి ఉంది. ఒకాయన మా బెల్లం పొడి కంపెనీ ఎం.డి. రెండోవాడి సంగతి కాస్త ఆగి చెబుతాను, వాడెక్కడికీ పారిపోడు.

మా కంపెనీ చోడవరం రోడ్డు మీద ఉంది. బెల్లం పొడి చేసి, జల్లించి, జిప్పు కవర్లలో పోసి ఊళ్లకి పంపుతాం. మూడేళ్ల కిందట ఎం.డి. గారు విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో రెండు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్లారు. ఓనరుగా వెళ్లి లీడరుగా తిరిగొచ్చారు. వచ్చిన వారానికి మా సారుని తెచ్చారు.

సారుది కె. కోటపాడు దగ్గర పల్లె. పుణేలోనూ హైదరాబాదులోనూ పెద్ద పెద్ద కంపెనీలకి పాతికేళ్లు పనిచేసి, వయసు మీద పడ్డాక మా ఊరి గవరపాలెంలో అద్దెకి దిగారు. కార్డు మీద ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్ అండ్ లీడర్‌షిప్ కన్సల్టెంట్ అని ఉండేది. అది చదవడం పూర్తయ్యేసరికి చేతిలో టీ చల్లారిపోతుంది. "ఇంతకీ మీరు సేసే పనేటి సారూ?" అని అడిగితే, "ఒకే కప్పు కింద పనిచేసేవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు ఎందుకు మాటాడుకోటం లేదో కనిపెట్టడం" అన్నారు. "దానికి డబ్బులిత్తారా?" అంటే, "మాటాడుకోకపోతే పోయేవి అంతకన్నా ఎక్కువ" అన్నారు.

మొదటి వారమంతా ఆయన చేసిందల్లా మాతో కూర్చుని అన్నం తినడం. ఎవరు ఎవరి పక్కన తింటున్నారు, ఎవరి క్యారేజీలోంచి ఎవరికి కూర వెళుతోంది, ఎవరు గోడవైపు తిరిగి తింటున్నారు, అన్నీ చూసేవారు. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క. భోజనాల షెడ్డులో నేల మీద పెద్ద గుండ్రం గీసి, దాని చుట్టూ కుర్చీలు వేయించేవారు. ఎం.డి. గారికైనా, ఊడ్చే ముసలమ్మకైనా అదే ప్లాస్టిక్కు కుర్చీ. "అందరూ అంటన్నారు సారూ" అని ఎవరైనా మొదలుపెడితే, "అందరూ అనే మనిషిని నేనింకా సూడలేదు. నువ్వేటంటన్నావో సెప్పు" అనేవారు.

కొత్త మనిషి దొరికితే నేనూరుకుంటానా? రెండో రోజు ఆయన కుర్చీ మీద బెల్లం పాకం పలచగా పులిమాను. ఆయన కూర్చున్నారు. లేవబోతే కుర్చీ కూడా లేచింది. షెడ్డంతా ఒక్కటే నవ్వు. ఆయన నిదానంగా కుర్చీ వదిలించుకుని, "నన్నిక్కడే ఉంచేయాలని ఎవరికో గట్టిగా ఉంది. ఇంత ప్రేమ పుణేలో కూడా దొరకలేదు" అన్నారు. ఆ రోజంతా ఈగలు ఆయన ప్యాంటు వెంటే తిరిగాయి. "లీడరంటే ఇలాగుండాలి. సూడండి, ఎనకాల ఎంతమందో" అని ఆయనే వాటిని చూపించి నవ్వారు. నా వేళాకోళాన్ని నాకన్నా బాగా వాడుకున్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

అందుకని ఇంకాస్త గట్టిది చేయాలనుకున్నాను.

సారు మా చేత ఆడించే ఆట ఒకటుండేది. దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పారు గానీ మేం 'ఎనక్కి పడుడు' అనుకునేవాళ్లం. గుండ్రం మధ్యలో నిలబడి, చేతులు గుండెల మీద కట్టుకుని, కళ్లు మూసుకుని, మోకాళ్లు వంచకుండా వెనక్కి పడిపోవాలి. వెనకున్నవాళ్లు పట్టుకుంటారు. ఎలాగో చూపించడానికి మొదట ఆయనే నిలబడ్డారు. వెనక నేను. ఆయన పడ్డారు. నేను పక్కకి తప్పుకున్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సిమెంటు నేల మీద ఆయన తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, మణికట్టు చిట్లింది. ఎం.డి. గారు పరిగెత్తుకొచ్చి, "ఎవడు వదిలేసేడు?" అని అరిస్తే, "నేనే సరిగ్గా పడలేదు" అన్నారు.

మర్నాడు కట్టుతో వచ్చి, మళ్లీ గుండ్రంలో నిలబడి, "నిన్నటి మనిషే కావాలి" అన్నారు. నేను గోడవైపు జరిగాను. వదిన వెనకనించి ఒక్క తోపు తోసింది. ఈ వదిన మా ప్యాకింగులో పనిచేసేది, చీడికాడ పక్క మనిషి, నోరు నాకన్నా పెద్దది. సారు కళ్లు మూసుకున్నారు, పడ్డారు. బెల్లం బస్తాలు మోసే నా చేతులు ఆ బక్క మనిషిని నేలకి జానెడు ఎత్తులో పట్టుకున్నాయి.

"నన్నే ఎందుకు సారూ?"

"మనిసి ఎలాగ పడిపోతాడో ఇక్కడ తెలిసినోడివి నువ్వొక్కడివే. ఇంక నువ్వు వదలవు."

అలా రోజుకొకరు పడ్డారు. ఊడ్చే ముసలమ్మ పడి, "ఉయ్యాల్లాగుంది, మరొక్కసారి" అంది. ఎం.డి. గారి వంతు వచ్చినప్పుడల్లా ఆయనకి నడుం నొప్పి. ఒకరోజు నడుం, ఒకరోజు ఫోను, ఒకరోజు బ్యాంకు. సారు ఆయన్ని బలవంతం చేయలేదు. నాతో మాత్రం అన్నారు: "ముందుకి నడవమంటే ఎవడైనా నడుత్తాడు. ఎనక్కి పడమను సూద్దాం."

ఇప్పుడు అసలు సంగతి.

మా కంపెనీలో ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి ఎం.డి. గారి బల్ల మీద ఉండేది. వెళ్లాలంటే ఆయన గదిలోకి వెళ్లి, ఆయన ఎదుట నిలబడి అడగాలి. ఆయన గడియారం చూసి ఇచ్చేవారు. ఇది పదేళ్లుగా ఉన్న సంగతే. ఎవరూ ఎవరితోనూ అనేవారు కాదు.

ఒకరోజు ఎం.డి. గారు ఊళ్లో లేనప్పుడు సారు సుద్దతో గుండ్రం గీసి చెప్పారు. "ఈ గీతలో అన్న మాట ఈ గీత దాటదు. నేను దాటించను, మీరూ దాటించొద్దు." ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించారు. నేను పాడైపోయిన పాత ఫోను బుట్టలో వేసి, మంచిది రికార్డింగు నొక్కి చొక్కా జేబులో ఉంచుకున్నాను. ఎందుకంటే, ఏం లేదు, సరదా. అందరూ ఒక పని చేస్తే నేను ఇంకొకటి చేయాలి, అంతే నా బుద్ధి.

వదిన లేచింది. కుర్చీని వెనక్కి వాల్చి, ముక్కు మీదికి కళ్లజోడు జార్చినట్టు చూసి, అచ్చం ఎం.డి. గారి గొంతుతో, "ఇప్పుడే కదమ్మా ఎళ్లేవ్? మనదంతా ఒకటే ఫ్యామిలీ, కొంచెం ఆపుకోవాలి" అంది. పడీ పడీ నవ్వాం. ఇంకో ముగ్గురు తమ సంగతులు కలిపారు. నవ్వు ఎక్కడ ఆగిందో తెలీదు, చూసేసరికి ఆ ముగ్గురూ ఏడుస్తున్నారు. ఒకామె నెలసరి రోజుల్లో ఆ గది గుమ్మం ముందు నిలబడ్డం గురించి చెప్పింది. పదేళ్లు వాళ్ల పక్కనే పనిచేశాను. అది నాకు తెలీదు.

ఇంత విన్నాక, మనిషనేవాడు జేబులో ఫోను ఆపేసి, అందులో ఉన్నది చెరిపేస్తాడు. నేను ఆ సాయంత్రం మా బావమరిదికి పంపాను, వదిన గొంతు మార్చడం విని నవ్వుకుంటాడని. వాడు ఇంకెవరికో పంపాడు. పొద్దున్నకల్లా అది ఎం.డి. గారి ఫోనులో ఉంది.

రెండోవాడెవడో ఇప్పుడు తెలిసింది కదా.

ఎం.డి. గారు నన్ను గదిలోకి పిలిచి అది వినిపించారు. "ఇందులో ఇకిలించేది నువ్వే కదా?" అన్నారు. నా నవ్వు నాకు తెలియదా! తల వంచుకున్నాను. "భయపడకు. నీ ఉద్యోగం నీకుంటాది. నీకేం తెలీదు. సారే వచ్చి నాకు పేర్లు చెప్పేడు. అర్థమయిందా?" అన్నారు. అయిందని తలాడించాను.

ఆ పూటే వదినతోపాటు నలుగుర్నీ తీసేశారు. మిగిలినవాళ్లని నిలబెట్టి, "మీ సారే వచ్చి రిపోర్టిచ్చేడు. ఆయనకి ఫీజిచ్చేది నేను, మీరు కాదు కదా" అన్నారు. నలుగుర్ని తీసేస్తే పోయేది నలుగురే. సారు మీద నమ్మకం తీసేస్తే మిగతా యాభైమందీ ఇంక నోరు విప్పరు. ఆ తెలివి చూడండి. నేను చెప్పులు దాచేవాణ్నే, ఆయన ఒక మనిషి మంచి పేరు దాచేశారు.

మర్నాడు సారు వచ్చేసరికి వదిన గేటు దగ్గర కాచుకుని ఉంది. "సుద్దముక్కట్టుకుని వచ్చి, బాబూ అమ్మా అని కబుర్లాడి, మా నోట్లో మట్టి కొట్టేవు కదయ్యా! నీకేటి అన్నాయం సేసేం?" అని ఊరంతా వినేలా అరిచింది. సారు మా అందరి మొహాలూ చూశారు. చివరికి నన్ను చూశారు. మొహం కాదు, చొక్కా జేబు.

సారు ఆ రోజే మా కంపెనీ వదిలేశారు. నిజం చెప్పమని ఎం.డి. గారికి రెండు ఉత్తరాలు రాశారట. జవాబు లేదు. కంపెనీలో కబురు గోడ దాటి ఊళ్లోకి పోవడానికి ఎంతసేపు? పిలిచే రెండు మూడు చోట్ల కూడా పిలవడం మానేశారు. పనివాళ్ల మాటలు మోసే మనిషని పేరు పడింది. పాతికేళ్లు మనుషుల చేత నోరు విప్పించిన మనిషికి అంతకన్నా ఏం పోవాలి?

ఆ తర్వాత రెండేళ్లు టీ కొట్టు దగ్గర కనిపించేవారు. నాతో మామూలుగానే మాట్లాడేవారు, అదే నాకు చావు. ఒకరోజు నేను, "సారూ, మీకోటి సెప్పాలి" అని మొదలుపెట్టాను. ఆయన గ్లాసు కింద పెట్టి, తడి వేలితో బల్ల మీద గుండ్రం గీశారు.

"సెప్పాల్సింది నాకు కాదు. గీతలో కూకున్నోళ్లకి."

"తెలుసా సారూ మీకు?"

"నీ జేబులో దీపం వెలగడం సూసేను. ఆపమందును. ఆళ్లు ఏడుత్తంటే మధ్యలో ఆపలేకపోయేను. అది నా తప్పు." గ్లాసు మళ్లీ అందుకుని, "నువ్వు సెప్తావులే. నిన్నొకసారి నమ్మేను కదా" అన్నారు.

నేను చెప్పలేదు. ఇయ్యాల రేపు అనుకుంటూ, ఉద్యోగం పట్టుకుని వేలాడాను. ఆయన పేపరు చదువుతూ ఒరిగిపోయారు.

ఎం.డి. గారు సంతాప సభ పెట్టారు. ఆశ్చర్యం ఎందుకు? ఫలానా పెద్ద కన్సల్టెంటు తీర్చిదిద్దిన కంపెనీ అని కొనుగోలుదార్లకి చెప్పుకోవడం ఆయన ఎన్నడూ మానలేదు. కర్మ అయిన వారానికి మా భోజనాల షెడ్డులోనే సభ. ఫ్లెక్సీలో సారు బొమ్మ జానెడు, నమస్కారం పెడుతున్న ఎం.డి. గారి బొమ్మ మూరెడు. మైకు నాకిచ్చారు, కంపెనీలో ఏ ఫంక్షనైనా మాటకారిని నేనే కాబట్టి. అది ఆయన చేసిన తప్పు.

ముందురోజు చీడికాడ వైపు వెళ్లాను. వదిన వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. మిగతా ముగ్గుర్నీ కూడా రమ్మన్నాను. నిలబడే చెప్పాను.

"ఆ ఫోను నాది వదినా. సారు ఎవరికీ ఏటీ సెప్పలేదు."

"ఇదీ నవ్వులాటేనా?"

"కాదు వదినా. ఇదొక్కటీ కాదు."

చేతిలో చేట నా నెత్తిన విరిగింది. నేను తప్పుకోలేదు. ఆమె విరిగిన చేట పక్కకి విసిరేసి, "సారుకి తెలుసా?" అంది.

"అప్పుడే తెలుసు."

"తెలిసీ... గేటు కాడ నేనన్ని మాటలంటంటే ఒక్కటీ అనలేదేటి?"

"అనలేదు."

"నీ సేతులు ఇరిగిపోను! ఆ మనిసి బతికుండగా నీ నోటికేటి జబ్బు సేసింది?"

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు సభ ఎన్ని గంటలకి?" అంది.

సభలో ఎం.డి. గారు బాగా మాట్లాడారు. "నాయకత్వమంటే నమ్మకం. ఇది నాకు సారు నేర్పేరు" అన్నారు. కొనుగోలుదార్లు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో సారు ఇల్లాలు, మేం అమ్మగారనేవాళ్లం, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మైకు అందుకున్నాను. ముందుగా బుట్ట తెప్పించి నా ఫోను అందులో వేశాను, మంచిదే వేశాను. తర్వాత సారు గీసినట్టే సుద్దతో గుండ్రం గీశాను. రికార్డింగు ఎవరు చేశారో, ఎవరి పేరు ఎవరు చెప్పమన్నారో, గదిలో అన్న మాట అన్నట్టు చెప్పేశాను. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. రెండేళ్లు నేను మోసింది రెండు నిమిషాల మాట.

ఎం.డి. గారు లేచి, "ఈడికి మతి పోయింది, మైకు లాగండి" అన్నారు. ఎవరూ కదల్లేదు.

"సార్, మాటలతో పనేటి? నమ్మకం సారు దగ్గర నేర్చుకున్నానన్నారు కదా. ఆయన పేరున ఒక్కసారి ఎనక్కి పడండి. సారుకి అంతకన్నా నివాళి ఏటుంది?"

గుమ్మంలోంచి నలుగురూ వచ్చారు. వదిన, ఆ ముగ్గురు. వచ్చి గుండ్రం వెనక నిలబడి ఎనిమిది చేతులు చాచారు.

"నాకు నడుం నొప్పి" అన్నారు ఎం.డి. గారు.

"నిన్న షటిలాడేరు కదా సార్, రెండు గేములు గెలిచేరంట."

కొనుగోలుదార్లలో ఒకాయన నవ్వాడు. అప్పుడు అమ్మగారు మెల్లగా, "పడండి బాబూ. మావారు పడేవారు" అన్నారు.

ఇంక తప్పలేదు. వచ్చి గుండ్రంలో నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. కళ్లు మూశారు, తెరిచారు. వెనక్కి తిరిగి చూశారు. ఎనిమిది చేతులూ అలాగే ఉన్నాయి. మళ్లీ మూశారు. మళ్లీ తిరిగి చూశారు. పక్క షెడ్డులో జల్లెడ మిషను కూడా ఆగి ఉంది. మూడోసారి తిరిగినప్పుడు వదిన కళ్లలోకి చూసి ఉంటారు. చెమట కాలరు దాకా కారింది. బూట్లు ఈడ్చుకుంటూ గుండ్రం దాటి, కారెక్కి వెళ్లిపోయారు.

తర్వాత నేను అడిగాను, "నిజం సెప్పు వదినా, పడుంటే వదిలేద్దువు కదా?"

"వదిలేత్తానా! సారు మీదొట్టు, పట్టుకుందును" అంది. "ఈ మాట ఎక్కడైనా రాయి. ఆడికి తెలియాలి."

అందుకే రాస్తున్నాను. ఎం.డి. గారూ, మీరు పడుంటే వాళ్లు పట్టుకునేవారు. ఇది చదివి మీరు హాయిగా నిద్రపోకూడదనే రాస్తున్నాను. నా ఉద్యోగం ఆ సాయంత్రమే తీసేశారు, సంతోషం. ఆ సభ వీడియో కావాలని చాలామంది అడుగుతున్నారు. లేదు. నా ఫోను బుట్టలో ఉంది.

ఆయన కారు గేటు దాటాక ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. నలుగురూ చేతులు దించడం మరిచిపోయారు. అమ్మగారు లేచారు. డెబ్బై ఏళ్ల మనిషి, చెప్పులు విడిచి, వచ్చి గుండ్రంలో నిలబడ్డారు. "అమ్మా, వద్దు" అంది వదిన. ఆవిడ వినలేదు. చేతులు గుండెల మీద కట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను మైకు పారేసి పరిగెత్తాను.

ఎనిమిదికి నా రెండూ కలిశాయి. ఆవిడ బరువు మా పదిచేతుల మీదికి దిగింది, సారు కన్నా తేలిక. కొంతసేపు కళ్లు తెరవలేదు, మేమూ లేపలేదు. ఎం.డి. గారు తిరిగి తిరిగి చూసిన వైపు గీత అంతా బూటు రాపిడికి చెరిగిపోయి ఉంది. ఆవిడ నిలబడ్డచోట సుద్దపొడిలో రెండు మడమల గుర్తులు పక్కపక్కనే, కదలకుండా ఉన్నాయి.